ఎడమచేతి తోటరాముడు

తోటరాముడు ఎడమచేతి వాటం మనిషని డిగ్రీ చదివే దాకా నమ్మినోణ్ని నేను.

1996లో నాకు తొమ్మిదేండ్లు. మా ఊరి జాతరకు తెర కట్టి ‘పాతాళ భైరవి’ వేసినారు. రాప్తాడు మండలంలో చుట్టుపక్కల ఊళ్ల మాదిరే మా ఊరూ. ఊరు ఒకపక్క, మా మాదిగ గేరి ఒకపక్క. తెర ముందర ఊరోళ్లు సాపలు పరుచుకుని కూచున్యారు. మేము తెరకు అవతలపక్క, కంపచెట్ల దగ్గర కూచున్యాం. ఆడ కూచోమని మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పొద్దన్నుంచి ఆ జాతరకు తప్పెట కొట్టిన మా నాయనే అందరికంటే ముందు పోయి కంపచెట్ల కింద గోనెసంచి పరిచినాడు.

గుడ్డ తెర కాబట్టి బొమ్మ వెనక్కి కూడా పడుతుంది. కాకపోతే తిరగబడి పడుతుంది. అక్షరాలన్నీ తిరగబడినాయి. తోటరాముడి కత్తి ఎడమచేతిలోకొచ్చింది. అయినా మాకేం తక్కువ కాలేదు. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడై నడిచొస్తే పిల్లోళ్లమంతా అమ్మల కొంగుల్లో దూరినాం. ఆయన ‘డింభకా’ అనే పిలుపు మా అమ్మకు ఎంత నచ్చిందంటే ఇప్పటికీ మనవళ్లను అట్లే పిలుస్తాది.

మరుసటిరోజు చెరువు మట్టితో పాతాళభైరవి బొమ్మ చేసినాను. సినిమాలో ఆ బొమ్మను అడిగితే రాత్రికి రాత్రి మేడ లేచింది. నేను మేడ అడగలేదు. మా గేరికి ఒక బోరింగు అడిగినాను. ఊరి బావికాడ మా అమ్మ బిందె పెట్టుకుని, ఎవరైనా పోస్తారేమోనని గంటలకొద్దీ నిలబడేది. వానకు బొమ్మ కరిగిపోవాల్సింది. ఆ ఏడు వానలు లేక శానా దినాలుండె.

డిగ్రీలో అనంతపురం హాస్టల్ టీవీలో మళ్లా చూసినాను. కత్తి కుడిచేతిలో ఉండాది. నేను గట్టిగా ‘అయ్యో’ అంటే పక్కనోళ్లు నవ్వినారు. ఎందుకన్నానో చెప్పడానికి సిగ్గయింది. తెర వెనక కూచున్నందుకు సిగ్గుపడాల్సింది నేను కాదని తెలియడానికి ఇంకా కొన్నేండ్లు పట్టింది.

ఆ సినిమా 1951లో వచ్చింది. తీసిన కె.వి. రెడ్డిది మా జిల్లా తాడిపత్రి పక్క. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లోంచి కథ తీసుకున్నారు. అల్లావుద్దీన్ దీపం కథ ఛాయలూ అందులో ఉన్నాయి. మార్కస్ బార్‌ట్లీ పట్టిన వెన్నెల, ఘంటసాల సంగీతం అన్నీ నాకిష్టమే. కానీ నన్ను కట్టిపడేసింది వేరే. తోటమాలి కొడుకు రాజకూతుర్ని ప్రేమిస్తాడు. దొంగచాటుగా కోటలోకి పోయి పట్టుబడతాడు. రాజు ఒక షరతు పెడతాడు. నాకు సరితూగే సిరి సంపాదించుకుని రమ్మంటాడు. సాహసం చేస్తే తీరే షరతు అది. ఆ మాట నా నెత్తురులో నిలిచిపోయింది.

బీఈడీ చదివేటప్పుడు నేనూ ఒకమ్మాయీ ఇష్టపడినాం. పేరు రాయను. వాళ్లది భూములున్న కుటుంబం. నా దగ్గర చదువు తప్ప ఏముంది? 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగమొచ్చింది. మా వంశంలో మొదటి నెలజీతం. పాతాళభైరవి బొమ్మ చేతికొచ్చినట్లే అనుకుని వాళ్ల నాయన దగ్గరికి పోయినాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కుర్చీ కూడా వేయించలేదు. ఆర్డరు కాగితం తీయబోతే, ‘అది చూపించాల్సిన పని లేదప్పా. నువ్వు కలెక్టరైనా ఇదే మాట’ అన్యాడు.

ఆమె ఫోన్ చేసి ఒకటే చెప్పింది. ‘నువ్వు బతకాల. ఇంక రావద్దు.’ ఆ మాటకు అప్పుడు కోపమొచ్చింది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భిణి భార్య పక్కనుండగానే ప్రణయ్‌ను నరికి చంపినప్పుడు ఆ మాట మళ్లా వినబడింది. ఆమె నన్ను వదులుకోలేదు, కాపాడింది.

మా అమ్మకు ఈ సంగతంతా చెప్పిన దినం ఆమె శానాసేపు చెనక్కాయలు ఒలుస్తా కూచున్యాది. తర్వాత అనింది: ‘ఆ సినిమాలో రాజు మంచోడు గదరా. దుడ్లడిగినాడు. కులమడగలేదు.’

నేను అంబేద్కర్‌ను చదివినాను. కులాంతర వివాహమే కులానికి అసలు మందని 1936లో ఆయన ఎందుకు రాసినాడో తెలుసు. కానీ మా అమ్మ ఒక్క మాటలో కథ గుట్టు విప్పింది. డబ్బు తెచ్చుకోవచ్చు. పుట్టుకను ఏ బొమ్మ మార్చి ఇస్తుంది? తోటమాలి కొడుకైనా తోటలోకి రానిచ్చిన కులమే. మేము ఆ తోట గోడ బయటోళ్లం. తెర మీది ఆ తోటరాముడే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. ఈ రెండూ తెలిసీ ఆ సినిమా వస్తే ఇప్పటికీ కూచుని చూస్తాను. ఇష్టం పోలేదు. దాన్ని అబద్ధమాడి దాచుకోను.

మొన్న ఏడో తరగతి పిల్లోళ్లకు ఆ కథ చెప్పినాను. మా గేరి పిల్లోడొకడు లేచి, ‘సార్, తోటరాముడు ఏం కులం?’ అన్యాడు. క్లాసు గమ్మునైపోయింది. కథల్లో కులముండదని తప్పించుకోవచ్చు. మా సార్లు అట్లే చెప్పేవాళ్లు. నేను కంపచెట్లు, గోనెసంచి, ఎడమచేతి కత్తి అన్నీ చెప్పినాను. ఊరి పక్క పాప ఒకతి, ‘ముందరికొచ్చి కూచోకుంటిరా సార్?’ అనింది.

‘మీ అవ్వను అడుగమ్మా’ అన్నాను.

మరుసటిరోజు నేనేమీ అడగలేదు. ఆ పాపే నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది: ‘అడిగినా సార్. అవ్వ కసిరింది. మళ్లా అడుగుతా.’