నిద్ర సుఖమెరుగదా?

‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న మహానుభావుడెవరో గానీ, అరకులో మేం దిగిన హోటల్లో మాత్రం పడుకుని ఉండడు. నేను పడుకున్నాను. అంటే, నడుం వాల్చాను. పైన ట్యాంకులోకి నీళ్లు ఎప్పుడు వదిలారో, పక్క గదిలో దగ్గుతున్నాయన ఎన్నిసార్లు లేచాడో, కుక్కలు ఏ వైపు నుంచి ఏ వైపుకు మొరుగుతూ వెళ్లాయో, తెల్లారి ఎవరైనా అడిగితే గంటలతో సహా చెప్పేవాణ్ని. పక్కనే మా ఆవిడ ఊర్మిళాదేవి నిద్రలో ఉంది. అదే మంచం, అదే పరుపు, అదే చలి. ఆవిడకు పట్టిన నిద్ర నాకెందుకు పట్టదు? ఆ కోపం పరుపు మీద మొదలై, హోటలు వాళ్ల మీదుగా, తెల్లారేసరికి ఆవిడ మీదికే వచ్చింది.

నాలుగేళ్ల కిందటి డిసెంబరు సంగతి. నాది బ్యాంకు ఉద్యోగం. ఏడాదికోసారి దొరికే వారం రోజుల సెలవు. హైదరాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున విశాఖలో దిగి, అక్కడే కిరండూల్ వెళ్లే రైలు పట్టుకున్నాం. 50కి పైగా సొరంగాల్లోంచి వెళ్లే ఆ దారి కోసమే చాలామంది ఆ రైలెక్కుతారు. నేను మాత్రం రాత్రి బెర్తు మీద సరిగా నిద్రలేక, చీకటి వచ్చినప్పుడల్లా కునుకు తీస్తూ, వెలుగు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతూ వెళ్లాను.

అరకులో దిగాక బొంగు చికెన్‌తో సుష్టుగా భోంచేసి, గదికొచ్చి రెండింటికి పడుకుంటే ఐదింటికి లేచాను. ఇది మొదటి తప్పు. రాత్రి కోసం ఒంట్లో కూడబెట్టుకున్న నిద్రను మధ్యాహ్నమే ఖర్చు పెట్టేశాను. లేచాక ఆ చలిలో కాఫీ తాగాలనిపించింది. అరకు వెళ్లి కాఫీ తాగకపోతే ఎలా? అక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా అని, గిరిజన మ్యూజియం పక్కన కూర్చుని ఆరున్నరకు రెండు కప్పులు లాగించాను. ఇది రెండో తప్పు. మనం తాగిన కెఫీన్‌లో దాదాపు సగం ఐదారు గంటల తర్వాత కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుందట. ఆ లెక్కన ఆరున్నరకు రెండు కప్పులు తాగినవాడు, అర్ధరాత్రి పూట ఒక కప్పు తాగి మంచమెక్కినట్టే. ఈ లెక్క అప్పుడు నాకు తెలియదు. వడ్డీ లెక్కలు వేసేవాడికి అన్ని లెక్కలూ తెలియాలని లేదు.

ఇక పరుపు సంగతి. దాని తప్పు అసలు లేదనను. ఎన్నేళ్ల ఫోమో, మధ్యలో గొయ్యి పడింది. నా 82 కిలోల ఒళ్లు నడుం దగ్గర దిగబడితే, కాళ్లూ తలా పైకి లేచి ఉయ్యాలలో పడుకున్నట్టుంది. అటు తిరిగితే మా ఆవిడ దొర్లుకుంటూ గోతిలోకి వస్తోంది, ఇటు తిరిగితే నేనే వెళ్తున్నాను. తలగడ సంగతి వేరే. పెళ్లిపందిట్లో వేసే బాలీసులా ఉబ్బి, తల పెడితే గడ్డం గుండెకు తగులుతోంది. అది తీసేస్తే మెడ వేలాడుతోంది. పైన రగ్గుకు నాఫ్తలీన్ వాసన.

ఒంటిగంటకు రిసెప్షన్‌కి ఫోన్ చేశాను. కళ్లు నులుముకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. ‘ఇంత డబ్బు తీసుకుని ఇదేం పరుపయ్యా?’ అని మొదలుపెట్టి, పర్యాటకం, దేశం, భవిష్యత్తు దాకా వెళ్లాను. అతను అంతా విని, ‘సార్, రెండు రగ్గులు ఎక్కువ తెస్తాను, కింద పరుచుకుని పడుకోండి. పెద్దవాళ్లు చాలామంది అలాగే పడుకుంటారు’ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బిచ్చి నేల మీద పడుకోవడానికా ఇంత దూరం వచ్చింది? పొమ్మన్నాను. నిద్రపోతున్నవాణ్ని లేపి, వాడు చెప్పిన మంచి మాట వినకుండా తిట్టి పంపడం మూడో తప్పు. మిగతా రెండింటికీ నాకే నష్టం. దీనికి అతనికి.

మర్నాడంతా నేను మనిషిని కాదు. గిరిజన మ్యూజియంలో అందరూ చూస్తుంటే నేను కూర్చునే బల్లలు వెతుక్కున్నాను. సాయంత్రానికి భయం పట్టుకుంది, రాత్రి మళ్లీ నిద్ర రాదేమోనని. పక్క గది పెద్దాయనతో చెప్పుకుంటే, ఆయన జాలిపడి తన నిద్రమాత్ర ఒకటి ఇచ్చాడు. ఆయనకు ఏ డాక్టరు, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో రాశాడో అడగలేదు. వేసుకున్నాను. నిద్ర పట్టింది. పట్టినది తెల్లారినా వదల్లేదు. పదకొండింటికి బొర్రా గుహల్లో మెట్లు దిగుతుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. తడి మెట్టు మీద కాలు జారింది. మా ఆవిడ చొక్కా కాలరు పట్టుకుని ఆపకపోతే, ఆ వయసులో తుంటి ఎముక సంగతి ఏమయ్యేదో! అందరూ రాతిలో శివలింగాన్ని చూసి దండం పెడుతుంటే, నేను ఆవిడకు పెట్టాను. ఒకరి మందు ఇంకొకరు వేసుకోవడం ఎంత ప్రమాదమో తెలియని వయసా నాది?

మూడో రాత్రి సిగ్గు విడిచి ఆ కుర్రాణ్నే పిలిచాను. మారు మాట్లాడకుండా రెండు రగ్గులు తెచ్చి, ఒకదాని మీద ఒకటి మడత పడకుండా పరిచి, లావు తలగడ గలేబు విప్పి, అందులో తువ్వాలు నాలుగు మడతలు వేసి దూర్చి ఇచ్చాడు. నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపితే, వెన్నుపూసలు ఒక్కొక్కటే వచ్చి నేలకు ఆనుకున్నట్టనిపించింది. ‘హమ్మయ్య’ అన్నాను.

పైన మంచం మీంచి మా ఆవిడ అంది: ‘ఇంతకీ అత్తయ్యగారు అడిగిందీ ఇదేగా!’

అప్పటిదాకా పడుతుందనుకున్న నిద్ర ఆ మాటకు ఎటో పోయింది.

అంతకు రెండేళ్ల ముందు అమ్మ మా ఇంటికొచ్చింది. ఊళ్లో నులక మంచం మీద డెబ్బై ఏళ్లు పడుకున్న మనిషి. సుఖపడాలని 32 వేలు పెట్టి ఎనిమిది అంగుళాల పరుపు కొన్నాను. ధర కూడా చెప్పాను, ఆ సుఖం విలువ తెలియాలి కదా! అమ్మ సంచిలోంచి ఒక బొంత తీసింది. పాత చీరలు పొరలుగా వేసి తనే కుట్టుకున్నది. అంచున చిలకాకుపచ్చ పట్టీ, అది నా చిన్నప్పుడు అమ్మ కట్టిన చీరదని నాకు తెలుసు. ‘ఇక్కడ దుప్పట్లు లేవనుకున్నావా?’ అని నవ్వి, దాన్ని తీసి అటక మీద పెట్టించాను.

రోజూ పొద్దున్నే ‘నిద్ర పట్టిందా అమ్మా?’ అంటే ‘బాగానే పట్టిందిరా’ అనేది. మూడో రాత్రి మంచినీళ్లకని లేచి చూస్తే, హాల్లో బాల్కనీ తలుపు దగ్గర, ఉత్త నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. నాకు ఒళ్లు మండింది. ‘నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? తల్లిని నేల మీద పడుకోబెట్టాడని కాదూ?’ అని అరిచాను. రాత్రి రెండింటికి, నాలుగో అంతస్తులో, ఆ చూసే నలుగురూ ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ మాట్లాడకుండా లేచి, చీర సర్దుకుని, పరుపున్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నెల రోజులుంటానని వచ్చిన మనిషి ఆరో రోజున, గేదె ఈనే రోజులని చెప్పి బస్సెక్కింది. ఆ గేదె అప్పటికి ఈని మూడు నెలలైందని తర్వాత తెలిసింది.

అరకులో నా మూడు రాత్రులు నాకు కొండంత కష్టంగా కనిపించాయి. అమ్మ ఐదు రాత్రులు మాత్రం నాకు మొండితనంగా కనిపించాయి.

తిరిగొచ్చాక ఈ నిద్ర గురించి కొంత చదివాను. కొత్త చోట తొలి రోజు నిద్ర సరిగా పట్టకపోవడానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును తెలుగులోకి మారిస్తే ‘మొదటి రాత్రి ప్రభావం’ అవుతుంది. తెలుగులో అంటే నవ్వుతారు గానీ, విషయం నవ్వులాట కాదు. నిద్రను పరీక్షించే ల్యాబుల్లో మొదటి రాత్రి లెక్కలు సరిగా రావని ఏనాడో గమనించారు. అందుకే చాలాచోట్ల ఆ రాత్రి నమోదైన వివరాలను పక్కన పెట్టేవారు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని వెనక ఉన్నదేమిటో చూశారు. కొత్త చోట గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ భాగం, కుడి భాగమంత గాఢంగా నిద్రపోవడం లేదు. కుడి చెవిలో చిన్న చప్పుడు చేస్తే, ఎడమ చెవిలో చేసినదాని కంటే త్వరగా మేల్కొంటున్నారు. రెండోసారి అదే చోట పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు. డాల్ఫిన్లు, కొన్ని పక్షులు సగం మెదడుతో నిద్రపోయి సగంతో కాపలా కాస్తాయి. మనలో కూడా ఆ కాపలావాడు ఇంకా పూర్తిగా డ్యూటీ దిగలేదన్నమాట. ‘చోటు మారింది కదా, నిద్ర పట్టదులే’ అని మా నాయనమ్మ ప్రతి చుట్టంతోనూ అనే మాటకు ఇంత కథ ఉంది.

అంటే రెండో రాత్రి నాకు ఎంతో కొంత దానంతటదే సర్దుకునేది. ఆ ఓపిక లేక మాత్ర మింగాను.

ఇప్పుడు ఊరెళ్తే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. మొదటి రాత్రి నిద్రను ముందే ఖర్చు కింద రాసేసుకుంటాను. మర్నాడు తెల్లవారుజామున లేవాల్సిన పనేదీ పెట్టుకోను. నా పల్చటి తలగడ, ఉతకని గలేబుతో సహా పెట్టెలో ఉంటుంది. ఇంటి వాసన ఉంటే నాకు సగం ఇల్లు వచ్చినట్టే. పక్కకు తిరిగి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీని తలగడ సరిగ్గా నింపాలి. తక్కువైతే తువ్వాలు మడతపెట్టి కిందకు తోస్తాను. మోకాళ్ల మధ్య ఇంకో తలగడ పెట్టుకుంటే నడుం లాగదు. వెల్లకిలా అయితే తువ్వాలు చుట్టి మోకాళ్ల కింద పెడతాను. కాఫీ మధ్యాహ్నంతో బంద్. పగటి కునుకు అరగంట దాటనివ్వను. ఎంతకీ నిద్ర రాకపోతే మంచం మీద పొర్లకుండా లేచి కుర్చీలో కూర్చుంటాను, టైమెంతయిందో మాత్రం చూడను. కన్ను బరువెక్కాకే మళ్లీ మంచం. పరుపు మరీ గొయ్యి అయితే, సిగ్గుపడకుండా నేల. నడుం నొప్పి తీసుకుని ఇంటికి రావడం కంటే అదే నయం. రోజుల తరబడి నిద్ర లేకపోతే మాత్రం డాక్టరు దగ్గరికే, పక్క గది దగ్గరికి కాదు.

అరకు నుంచి వచ్చాక, ఆ సంక్రాంతికి ఊరెళ్లాను. ఇరవై రెండేళ్లు పడుకున్న ఇంట్లో, అదే పంచలో నాకు నిద్ర పట్టలేదు. పుట్టిన ఇల్లు కూడా నాకు కొత్త చోటైపోయిందని ఆ రాత్రి తెలిసింది. లేచి కూర్చుంటే, అమ్మ ఎప్పుడు చూసిందో, దీపం వేయకుండానే వచ్చి, ‘తలగడ ఎత్తయిందా? నులక వదులైందా?’ అంది. జవాబు కోసం ఆగకుండానే కాళ్ల వైపు తాడు లాగి బిగించడం మొదలుపెట్టింది. నేను ఆవిణ్ని ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా అడగని మాట అది. ‘నిద్ర పట్టిందా?’ అని రోజూ అడిగాను. ‘ఎలా పడుకుంటే నీకు పడుతుంది?’ అని అడగలేదు. మొదటిదానికి ‘బాగానే పట్టింది’ అనే జవాబు తప్ప చుట్టానికి ఇంకో దారి ఉండదు.

‘అమ్మా, ఆ రోజు తప్పు నాదే’ అన్నాను. ‘ఏ రోజురా?’ అంది. గుర్తు లేదో, లేనట్టు అందో తేల్చుకోలేకపోయాను.

మీ ఇంటికి ఈసారి ఎవరైనా వస్తే, కూర ఏం చేయమంటారని అడిగినట్టే ఇది కూడా అడగండి: తలగడ పల్చటిదా, ఎత్తుదా? మంచమా, చాపా? ఫ్యాను ఎంతలో ఉండాలి, లైటు ఉంచాలా, ఆర్పాలా? వాళ్లు నేల అంటే నేల మీదే పక్క వేయండి. మా ఇంట్లో ఇప్పుడు హాల్లో గోడకు ఆనించి ఒక చాప ఉంటుంది. అటక మీంచి దించిన బొంత దాని పక్కనే ఉంటుంది. పోయిన వేసవిలో అమ్మ నలభై రోజులుంది.