అమెరికా వీసా... చైనా అయస్కాంతం... పంజగుట్ట కారు!

2025 సెప్టెంబరు 21. ఆదివారం, మహాలయ అమావాస్య. హైదరాబాద్‌లో ఎంగిలిపూల బతుకమ్మ. ఊరంతా తంగేడు, గునుగు పూల కోసం బేరాలాడుతున్న ఆ ఉదయమే అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి అమల్లోకి వచ్చింది. హెచ్‌-1బి వీసాకి కొత్తగా దరఖాస్తు చేసే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారాంశం.

తెల్లారితే సోమవారం, దేవీ నవరాత్రులు మొదలు. ఆ రోజు నుంచే చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అప్పటిదాకా సెస్సుతో కలిపి చిన్న పెట్రోలు కారుకి 29 శాతం, డీజిల్‌ కారుకి 31 శాతం పన్ను ఉండేది.

ఒక్కరోజు తేడాతో రెండు వార్తలు. ఒకటి వాషింగ్టన్‌ నుంచి, ఇంకోటి దిల్లీ నుంచి. వేరే ఊళ్లో అయితే ఈ రెండింటికీ ముడిపెట్టాలని ఎవరికీ తోచదేమో. అమీర్‌పేట, పంజగుట్టల్లో మాత్రం ఆ ముడి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ ఒక వీధిలో కోర్సులు అమ్ముతారు, కాస్త ముందుకెళితే కార్లు అమ్ముతారు. పిల్లాణ్ని మొదటి వీధిలో చేర్పించిన నాన్నే, వాడి ఉద్యోగం కుదురుకున్నాక రెండో వీధిలో మెట్లెక్కుతాడు. వాడి వీసా ఆగితే ఆయన అడుగూ ఆగుతుంది.

చాయ్‌ కప్పులో ప్రపంచం

మైత్రీవనం దగ్గర నిలబడితే తలెత్తి చూడాల్సింది ఆకాశం కాదు... బోర్డులు! 1990ల చివర్లో అక్కడ మెయిన్‌ఫ్రేమ్స్‌ పేరు మార్మోగింది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న వైటూకే భయం మనవాళ్లని వేలమందిని విమానం ఎక్కించింది. తర్వాత జావా, డాట్‌నెట్‌, శాప్‌... ఇప్పుడు క్లౌడ్‌, డేటా సైన్స్‌, ఏఐ. బోర్డు మీద పేరు మారుతుంది. ఆదిత్య ఎన్‌క్లేవ్‌ సందుల్లో హాస్టళ్లు, టిఫిన్‌ బండ్లు, చేతిలో కరపత్రం పెట్టే కుర్రాళ్లు మాత్రం మారరు.

ఒకప్పుడు వీసా ఇంటర్వ్యూ అంటే చెన్నై రైలెక్కాలి. 2008లో అమెరికా కాన్సులేట్‌ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌కి వచ్చాక అగ్రరాజ్యం అమీర్‌పేటకి పొరుగిల్లయిపోయింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకి తరలింది. కబుర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

అందుకే ఇక్కడి చాయ్‌ బండి దగ్గర విదేశాంగ విధానం మీద అభిప్రాయం లేని మనిషి దొరకడు. 

‘‘అమెరికా కాకపోతే జర్మనీ బాబాయ్‌. తలుపు ఒక్కటే ఉంటుందా?’’ అంటాడు బ్యాగు భుజాన వేసుకున్న కుర్రాడు. 

‘‘రష్యా మనకి చవగ్గా చమురు ఇస్తోందన్నారు. మరి బంకులో ధర తగ్గదేం?’’ అంటాడు రిటైరైన పెద్దాయన.

ఆయన ప్రశ్నని తోసిపుచ్చలేం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌ యుద్ధం మొదలవక ముందు మన దిగుమతి చమురులో రష్యా వాటా 2 శాతం లోపే. తర్వాత రెండేళ్లలో అది మూడో వంతు దాటింది. ఆ కాలంలో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు ధర 2022 మేలో ఉన్న 109 రూపాయల 66 పైసల దగ్గరే చాలాకాలం కూర్చుంది. 2024 మార్చిలో రెండు రూపాయలకి పైగా దిగింది, అంతే. పైగా ఆ రష్యా చమురునే కారణంగా చూపి 2025 ఆగస్టు 27 నుంచి మన ఎగుమతుల మీద అమెరికా ఇంకో 25 శాతం సుంకం వేసింది. ఎక్కడో జరిగిన యుద్ధం బంకు దగ్గర కలిసిరాలేదు సరికదా, రేవు దగ్గర కాలు అడ్డం పెట్టింది.

మారిస్‌ దొర మనవలు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజగుట్ట. ఈ రైలు పెట్టెలు కొరియాకి చెందిన హ్యుందాయ్‌ రోటెమ్‌ తయారీ. అంటే కారు లేనివాళ్లూ ఇక్కడ హ్యుందాయ్‌లోనే తిరుగుతున్నారన్నమాట! పంజగుట్టలో దిగి సోమాజిగూడ, బేగంపేట వైపు నడిస్తే అద్దాల షోరూములు మొదలవుతాయి.

రోడ్డు మీద నెంబరు ప్లేట్లు చూస్తే రాష్ట్ర చరిత్ర తెలిసిపోతుంది. ఖైరతాబాద్‌ ఆర్టీయే ఆఫీసులో రిజిస్టరైన బండికి ఏపీ 09, 2014 తర్వాత టీఎస్‌ 09, 2024 మార్చి నుంచి టీజీ 09. కానీ ఆ కారు ఏ దేశానిదో చెప్పే ప్లేటు మాత్రం ఎక్కడా ఉండదు. ఉంటే దాని మీద రాయడానికి చోటు సరిపోదు.

అంబాసిడర్‌నే తీసుకోండి. అంతకన్నా ‘మన’ కారు ఇంకోటి ఉందా? కలెక్టరు గారి నుంచి పెళ్లికొడుకు దాకా అందరినీ మోసింది. పుట్టిల్లు మాత్రం ఇంగ్లండు. విలియం మారిస్‌ అనే ఆయన పెట్టిన కంపెనీ తయారుచేసిన మారిస్‌ ఆక్స్‌ఫర్డే 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా మారింది. 2014 దాకా తయారైంది. అదే మారిస్‌కి ఆక్స్‌ఫర్డ్‌లో ఓ కార్ల దుకాణం ఉండేది. పేరు మారిస్‌ గ్యారేజెస్‌. పొట్టిగా ఎంజీ!

ఆ ఎంజీ చేతులు మారుతూ షాంఘైలోని శాయిక్‌ అనే చైనా ప్రభుత్వ సంస్థ దగ్గరికి చేరింది. అమెరికాకి చెందిన జనరల్‌ మోటార్స్‌ గుజరాత్‌లోని హలోల్‌లో వదిలేసిన ఫ్యాక్టరీని కొని, 2019లో ఇక్కడ హెక్టర్‌ని దింపింది. ఆ తర్వాత మన జేఎస్‌డబ్ల్యూ గ్రూపు అందులో 35 శాతం వాటా తీసుకుంది. అంటే... తాతగారు నడిపిన అంబాసిడర్‌, మనవడు బేరమాడుతున్న ఎంజీ ఒకే తాతకి పుట్టిన మనవలు!

మిగతావీ అంతే. జాగ్వార్‌ ఇంగ్లండులో పుట్టి, అమెరికా ఫోర్డ్‌ చేతుల్లో పెరిగి, 2008లో టాటా ఇంటికొచ్చింది. స్వీడన్‌ వోల్వోకి 2010 నుంచి యజమాని చైనాకి చెందిన గీలీ. మారుతి వెనక జపాన్‌ సుజుకీ ఉంది. అమీర్‌పేట పక్కనే ఉన్న సనత్‌నగర్‌ ఆల్విన్‌ కూడా 1980ల్లో జపాన్‌ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు చేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ‘‘చైనాది వద్దండీ, యూరప్‌ బండి చూపించండి’’ అని ఎవరైనా అంటే సేల్స్‌ కుర్రాడు నవ్వి ఊరుకునేది ఇందుకే.

పెనుకొండకి కొరియా దారి

పెద్ద దేశాల పోట్లాట వల్ల మనకి అన్నిసార్లూ నష్టమేనా? కాదు. 2017 మార్చిలో ఉత్తర కొరియా క్షిపణుల్ని అడ్డుకోవడానికంటూ దక్షిణ కొరియాలో అమెరికా థాడ్‌ అనే రక్షణ వ్యవస్థని దింపడం మొదలుపెట్టింది. దాని రాడార్‌ తమ దేశంలోకి తొంగిచూస్తుందని చైనాకి కోపమొచ్చింది. కొరియా వస్తువుల మీద అక్కడి జనం ముఖం తిప్పుకున్నారు. ఆ ఏడాది చైనాలో హ్యుందాయ్‌, కియా అమ్మకాలు మూడో వంతుకి పైగా పడిపోయాయి.

సరిగ్గా మరుసటి నెల, 2017 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వంతో కియా ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్‌ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. థాడ్‌ గొడవ వల్లే కియా వచ్చిందనడం తొందరపాటు. అలాంటి ఫ్యాక్టరీ గురించి ఒక్క నెలలో నిర్ణయాలు జరగవు. కానీ ఒకే మార్కెట్‌ని నమ్ముకుంటే ఏమవుతుందో కొరియన్లకి తెలిసొచ్చింది సరిగ్గా అప్పుడే. హైదరాబాద్‌-బెంగళూరు హైవే మీద పెనుకొండ దాటుతుంటే వరసగా కనిపించే కొత్త కార్లలో ఆ పాఠం కూడా కొంత ఉంది.

గల్వాన్‌ గీసిన గీత

2020 జూన్‌ 15 రాత్రి గల్వాన్‌ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో 20 మంది మనవాళ్లు అమరులయ్యారు. వాళ్లకి నాయకత్వం వహించిన కర్నల్‌ సంతోష్‌బాబుది సూర్యాపేట. దిల్లీకి అది సరిహద్దు సమస్య. తెలుగువాళ్లకి మాత్రం ఇంట్లో మనిషి పోయిన బాధ. అందుకే ఇక్కడ ‘చైనా కారా?’ అన్న మాట పలికే తీరులో ఓ బరువుంటుంది. దాన్ని ధరల పట్టీతో తూచలేం.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కేంద్రం ఓ నిబంధన పెట్టింది. మనతో భూసరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకి ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. దాంతో మహారాష్ట్రలోని తలేగావ్‌లో జనరల్‌ మోటార్స్‌ ఫ్యాక్టరీ కొనాలనుకున్న చైనా గ్రేట్‌వాల్‌ రెండేళ్లు ఎదురుచూసి 2022లో వెనుదిరిగింది. ఆ ఫ్యాక్టరీ చివరికి హ్యుందాయ్‌కి దక్కింది. 2023లో బీవైడీ వంతు. హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో ఎలక్ట్రిక్‌ కార్ల ఫ్యాక్టరీ పెడతామంటే కేంద్రం ఒప్పుకోలేదు.

మరి బీవైడీ హైదరాబాద్‌కి కొత్తా? కాదు. మేఘా గ్రూపులోని ఒలెక్ట్రా చాలా ఏళ్లుగా బీవైడీ పరిజ్ఞానంతోనే ఎలక్ట్రిక్‌ బస్సులు చేస్తోంది. 2019లో శంషాబాద్‌ విమానాశ్రయానికి ఆర్టీసీ నడిపిన ఎలక్ట్రిక్‌ బస్సులు ఆ కంపెనీవే. ‘చైనా బండి ఎక్కను’ అనుకునే పెద్దాయన, అమెరికా వెళుతున్న కొడుకుని సాగనంపడానికి ఆ బస్సే ఎక్కి ఉండొచ్చు!

దీని మీద ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు. 

‘‘సైనికుల్ని చంపినోళ్లకి మన పైసలు ఇచ్చుడేంది?’’ అంటాడు తండ్రి. 

‘‘మీ చేతిలో ఫోన్‌ ఎక్కడిది నాన్నా?’’ అంటుంది కూతురు. 

ఆయన కోపంలో అబద్ధం లేదు, ఆమె ప్రశ్నలో తప్పు లేదు.

చిటికెడు అయస్కాంతం

పోనీ, అచ్చంగా మన కంపెనీ కారే కొందామా? 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలకి బదులుగా చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. గొడవ వాళ్లిద్దరిదీ. ఊపిరాడక ఉక్కిరిబిక్కిరైంది మన కార్ల కంపెనీలు. ఎలక్ట్రిక్‌ కారు మోటారులోనే కాదు... పవర్‌ స్టీరింగులో, వైపర్లలో, పాటలు వినే స్పీకర్లలో కూడా అయస్కాంతాలు ఉంటాయి. ఆ రకం శక్తిమంతమైన అయస్కాంతాల్లో ప్రపంచానికి కావాల్సినవి దాదాపు 90 శాతం చైనాలోనే తయారవుతున్నాయి.

విచిత్రమేంటంటే ఆ ముడిసరుకు మన కాళ్ల కిందే ఉంది. అరుదైన మూలకాలుండే మోనజైట్‌ నిల్వలు దేశంలో అన్నిటికన్నా ఎక్కువున్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. తీరం వెంబడి ఇసుకలో కలిసి ఉంది. ఇసుక ఉంటే చాలదు, దాన్ని శుద్ధిచేసి అయస్కాంతంగా మలిచే పని నేర్వాలి. చైనా దశాబ్దాల పాటు నేర్చుకుంది అదే. హైదరాబాద్‌ కంచన్‌బాగ్‌లోని ఎన్‌ఎఫ్‌టీడీసీ పరిశోధనా సంస్థ ఆ పనిమీద ఉంది. 2025 నవంబరులో కేంద్రం అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది.

బ్యాటరీ కథా ఇలాంటిదే. మహబూబ్‌నగర్‌ జిల్లా దివిటిపల్లిలో సెల్స్‌ తయారీకి దిగిన అమరరాజా, పరిజ్ఞానం కోసం 2024లో ఒప్పందం చేసుకుంది చైనా గోషన్‌ గ్రూపుతోనే. కారు తీసుకోకపోయినా కిటుకు తీసుకోవడంలో తప్పులేదని మనవాళ్ల లెక్క. ఒకప్పుడు జపాన్‌ దగ్గర మారుతి చేసిందీ అదేగా!

అమ్మ అడిగే ప్రశ్న

జెండాల గురించి ఎంత వాదించినా షోరూములో చివరికి పనికొచ్చే ప్రశ్న వేసేది తరచూ ఇంటి ఇల్లాలే. ‘‘బాబూ, పదేళ్ల తర్వాత ఈ కంపెనీ ఇక్కడ ఉంటుందా?’’

నవ్వాల్సిన ప్రశ్న కాదది. 2017 చివరికల్లా షెవర్లే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్‌ ఇక్కడ తయారీ చాలించుకుంది. రెండూ వెళ్లింది నష్టాలు భరించలేకే, దేశాల గొడవ వల్ల కాదు. కానీ యజమానికి కారణంతో పనేముంది? సర్వీసు కొనసాగిస్తామని కంపెనీలు ఎంత చెప్పినా, స్పేర్‌పార్టు కోసం మెకానిక్‌ ఫోన్లు చేస్తుంటే ఇవతల గుండె గుబులే. అమ్మబోతే ధర పలకదేమోనన్న బెంగ సరేసరి.

నష్టాలొస్తే కంపెనీ వెళ్తుంది. అనుమతి రాకపోతే, విడిభాగాల ఓడ ఆగిపోతే ఉన్న కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. ఆ నిర్ణయాలు జరిగేది వాషింగ్టన్‌, బీజింగ్‌, దిల్లీల్లో. ఏడేళ్ల పాటు ఈఎంఐ కట్టేది మాత్రం అమీర్‌పేటలో. కాబట్టి కారు ఏ దేశానిదన్న దానికన్నా సర్వీసు సెంటర్‌ ఎంత దూరం, విడిభాగాలు ఇక్కడ తయారవుతున్నాయా, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, అందులో యజమాని ఎంతవరకు మన దేశంలో పాతుకున్నాడు... ఇవి అడగడమే సామాన్యుడి విదేశాంగ విధానం! దేశం మీద ప్రేమ చూపించాలంటే విశాఖ ఇసుకని అయస్కాంతం చేసే చదువు కూడా ఆ మైత్రీవనం బోర్డుల్లో చేరాలని కోరుకోవాలి.

సరే, ఏదో ఒకటి తేలుతుంది. తాళాలు చేతికొస్తాయి. బండి నేరుగా బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్తుంది. బానెట్‌ మీద పసుపు, కుంకుమ, పూలదండ. కొడుకు డాలస్‌ నుంచి వీడియో కాల్‌లో చూస్తుంటాడు. పూజారి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి ‘‘ఇక పోనివ్వండి’’ అంటాడు.

ఇంజిను ఓ దేశానిది, డిజైను ఇంకో దేశానిది, అయస్కాంతం వేరే దేశానిది, కట్టిన డబ్బులో కొంత అమెరికాది. అన్నిటిలోకీ అచ్చంగా మనదని ఒట్టేసి చెప్పగలిగింది ఆ నిమ్మకాయే... గూడూరు నుంచి వచ్చిందై ఉంటుంది!