బాగానే ఉన్న బేరింగ్

ఏడాదికోసారి మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి గ్యాస్కెట్టూ, సేఫ్టీ వాల్వూ మారుస్తాను. మార్చిన ప్రతిసారీ మా ఆవిడ పాతవి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉన్నాయి కదండీ, అప్పుడే పారేస్తారా?" అంటుంది. అని ఊరుకోదు. కడిగి, కాగితంలో చుట్టి, పోపుల డబ్బా వెనకాల దాస్తుంది, ఎప్పటికైనా పనికొస్తాయని. నేను ఆవిడ చూడకుండా వాటిని తీసి గ్యాస్కెట్‌ని కత్తెరతో రెండు ముక్కలు చేస్తాను. వాల్వుని సుత్తితో అణగ్గొడతాను. ఆ తర్వాతే చెత్తబుట్టలో వేస్తాను. 32 ఏళ్లు హెలికాప్టర్ ఇంజన్ల దగ్గర పనిచేసినవాడికి అంటుకున్న జబ్బు ఇది. పాత పార్టును పారేస్తే సరిపోదు, మళ్లీ ఎవరూ బిగించడానికి వీల్లేకుండా చెయ్యాలి.

నా ఉద్యోగం నేవీలో చేతక్ హెలికాప్టర్లతో మొదలైంది. వాటికి ఆర్టూస్ట్ అనే ఫ్రెంచి డిజైన్ ఇంజన్ ఉంటుంది. సముద్రం మీద ఎగిరే ఇంజన్‌కి ఉప్పు గాలే పెద్ద శత్రువు. ఇంజన్ గాలిని లోపలికి పీల్చుకునే బతుకుతుంది. ఆ గాలితోపాటు ఉప్పూ వెళ్తుంది. కంప్రెసర్ రెక్కల మీద పొరలా పేరుకుంటుంది. అందుకే ఎగిరి వచ్చిన రోజున సాయంత్రం ఇంజన్‌కి స్నానం చేయిస్తాం. మామూలు కుళాయి నీళ్లు పనికిరావు, లవణాలు తీసేసిన నీళ్లు కావాలి. ఇంకా లోపల, మంట మండే చోట మరో రకం కష్టం. గాలిలో వచ్చిన ఉప్పూ, ఇంధనంలో ఉండే కాస్త గంధకమూ కలిసి, ఆ వేడికి టర్బైన్ రెక్కల్ని తినేస్తాయి. ఇక గేర్‌కేసులు, వాటి మూతలు చాలావరకు మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు, బరువు తక్కువని. వాటి మీది రంగు ఎక్కడైనా గోరంత లేచిపోతే చాలు, తెల్లటి పొడి పుట్టుకొస్తుంది. ఇంట్లో ఇత్తడి బిందెకి కిలుం పట్టినట్టే. కాకపోతే బిందెను చింతపండు పెట్టి తోమేస్తాం. గేర్‌కేస్‌ని తోమి ఊరుకోవడానికి వీల్లేదు.

కొచ్చిలో మాకు పని నేర్పిన చీఫ్ ఒకాయన ఉండేవారు, మలయాళీ. మొదటి వారమే ఇద్దరు కుర్రాళ్లకి చెరొక పాత బేరింగ్ ఇచ్చి, ఒట్టి చేత్తో పట్టుకుని గట్టిగా నలపమన్నారు. తర్వాత వాటిని నూనె రాయకుండా అల్మరాలో పెట్టి తాళం వేశారు. కొన్ని రోజులకి బయటికి తీస్తే, నున్నటి ఉక్కు మీద తుప్పుతో అచ్చు గుద్దినట్టు ఆ కుర్రాళ్ల వేలిముద్రలు! "నీ చెమటలో కూడా సముద్రం ఉంది" అన్నారాయన హిందీలో. ఆ రోజు నుంచి చేతికి గ్లవ్స్ లేకుండా బేరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. అలాగే పెన్సిల్. వేడెక్కే భాగాల మీద మామూలు పెన్సిల్‌తో గుర్తు పెట్టకూడదు. అందులోని కార్బన్, వేడికి లోహంలోకి ఇంకి, అక్కడే పగులుకి దారి తీస్తుంది. వడ్రంగి కుటుంబం నుంచి వచ్చిన నాకు చెవి మీద పెన్సిల్ పెట్టుకునే అలవాటు మానడానికి ఆరు నెలలు పట్టింది.

ఇవన్నీ మేం చేసే కాపలా. కాపలా సరిపోదని తేలినప్పుడు వచ్చేది ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్. మేం పొట్టిగా 'ఏడీ' అంటాం. ఎక్కడో ఒక ఇంజన్‌లో ఫలానా భాగం తుప్పు పట్టి దెబ్బతిందని తెలిస్తే, దాన్ని డిజైన్ చేసిన దేశపు విమానయాన సంస్థ ఆదేశం ఇస్తుంది. అమెరికాకి ఎఫ్.ఏ.ఏ., యూరప్‌కి ఈ.ఏ.ఎస్.ఏ. మన దేశంలో డీజీసీఏ దాన్ని అమలు చేయిస్తుంది. అందులో ఏ మోడల్, ఏ సీరియల్ నంబర్లు, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి అన్నీ ఉంటాయి. సలహా కాదది, చట్టం. గడువు దాటితే ఆ యంత్రం ఎగరడానికి పనికిరానిదే, ఎంత బాగా తిరుగుతున్నా సరే.

నేవీ నుంచి రిటైరయ్యాక మన కోస్తాలోనే ఒక హెలికాప్టర్ కంపెనీలో చేరాను. కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం మధ్య రిగ్గుల మీద పనిచేసేవాళ్లని తీసుకెళ్లి, తీసుకురావడం మా పని. వాళ్లు 14 రోజులు సముద్రంలో, 14 రోజులు ఇంట్లో. 2006 డిసెంబరులో మా హెలికాప్టర్ ఇంజన్లకి ఒక ఏడీ వచ్చింది. గేర్‌కేస్‌లోని ఒక బేరింగ్ మార్చాలి. ఫలానా బ్యాచ్‌లో తయారైన వాటికి తుప్పు గుంటలు పడుతున్నాయని. 25 గంటలు ఎగిరేలోగా, లేదా 30 రోజుల్లోగా, ఏది ముందైతే అది.

పార్టులకి ఆర్డరు పెట్టాం. అవి దారిలో ఎక్కడో చిక్కుకున్నాయి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు 30 రోజులూ నిండాయి. అప్పటికి ఎగిరింది 16 గంటలే.

మా బేస్ మేనేజర్ మంచివాడే. కానీ ఆయన మీద పైనుంచి ఒత్తిడి. "మూర్తిగారూ, ఇంకా తొమ్మిది గంటలున్నాయి కదా! రిగ్గుకి వెళ్లి రావడానికి రెండు గంటలు. పండక్కి వాళ్లని తెచ్చేద్దాం" అన్నాడు.

"ఏది ముందైతే అది సార్. రోజులు ముందు అయిపోయాయి" అన్నాను.

"ఆయిల్‌లో ముక్కలేమైనా కనిపించాయా?"

కనిపించలేదు. ఆయిల్‌లో తిరిగే ఇనుప రజనుని పట్టడానికి మాగ్నెటిక్ ప్లగ్ ఉంటుంది. ఆ పొద్దున కూడా విప్పి చూశాను, అద్దంలా ఉంది. అదే చెప్పాను.

"మరింకేం? పైగా రెండో ఇంజన్ ఉంది కదండీ. ఒకటి ఆగినా రెండోదానితో వచ్చెయ్యొచ్చు."

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెండో ఇంజన్‌లో ఉన్నదీ ఆ బ్యాచ్ బేరింగే. అదీ అదే హ్యాంగర్‌లో, అదే ఉప్పు గాలిలో పడుకుంది. ఇక గంటల సంగతి. తిరిగితే అరిగే భాగానికి గంటలు లెక్క. తుప్పుకి ఆ లెక్క లేదు. యంత్రం ఆగి ఉన్న రాత్రి కూడా అది తన పని చేసుకుంటూనే ఉంటుంది. ఇంకా మాట్లాడితే, తిరిగే బేరింగ్‌కి నూనె అందుతుంది, ఆగిన దాని మీద తడి నిలుస్తుంది. అందుకే కాగితంలో రోజుల లెక్క విడిగా రాస్తారు. ఇదంతా ఆయనకి తెలియక కాదు. గడువు పెంచమని పైకి రాశారు, ఒప్పుకోలేదు. లైసెన్సు నాది, 'ఎగరడానికి అర్హం' అని కింద పెట్టే సంతకం నాది. నేను పెట్టనన్నాను.

మర్నాడు రిగ్గు నుంచి హ్యాంగర్‌కి ఫోన్ వచ్చింది. కోనసీమ గొంతు. "ఏవండీ, సంతకం పెట్టనన్నది మీరేనాండి?" అన్నాడు. అవునన్నాను. "ఆయ్, ఇక్కడ 11 మందివండి. మొన్న వచ్చినప్పుడు కూడా అదే మిషనెక్కి వచ్చేవండి. అప్పుడు లేని తుప్పు ఇప్పుడెక్కడి నుంచొచ్చిందండి?" నేను ఏడీ గురించి చెప్పబోయాను. "మా అమ్మ గారెలు ఒండటానికి పప్పు నానబోసుకుని కూచుందండి" అని ఫోన్ పెట్టేశాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

భోగి, సంక్రాంతి, కనుమ, మూడూ వెళ్లిపోయాయి. ముక్కనుమ నాడు వాళ్లు సప్లై బోటులో ఒడ్డుకి వచ్చారు. సామాన్లు తీసుకోవడానికి బేస్‌కి వచ్చినప్పుడు ఆ గొంతు మనిషిని చూశాను. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ఎవరో నన్ను వేలు పెట్టి చూపించారు. నా వంక ఒక చూపు చూసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మరో రెండు రోజులకి బేరింగులు వచ్చాయి. కొత్త పార్టు వస్తే ముందు కాగితాలు చూస్తాం. తయారీదారు సర్టిఫికెట్, పార్టు నంబరు, సీరియల్ నంబరు, తీసేస్తున్న బ్యాచ్‌దే మళ్లీ రాలేదు కదా అని. పార్టు తుప్పు పట్టని కాగితంలో చుట్టి, సీలు వేసి వస్తుంది. ఆ సీలు బిగించేముందు మాత్రమే విప్పాలి. ముందే విప్పి బల్ల మీద పెడితే కొత్తదానికీ మా ఊరి గాలి తగులుతుంది. పాత ఓ రింగులు, లాక్ వాషర్లు మళ్లీ వాడకూడదు, ఎంత బాగున్నా. టార్క్ రెంచి తేదీ చూసుకోవాలి. దానికీ గడువు ఉంటుంది. నేను బిగించినదాన్ని మరో ఇంజనీరు తన కళ్లతో చూసి సంతకం పెట్టాలి. "నా మీద నమ్మకం లేదా గురువుగారూ?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. నమ్మకం ఉన్నచోటే రెండో సంతకం ఎక్కువ అవసరం అని నా అనుభవం.

పాత బేరింగ్ బయటికి వచ్చింది. కిరోసిన్‌తో కడిగి, దీపం కింద పెట్టి, పదిరెట్లు పెద్దదిగా చూపించే భూతద్దంతో చూశాను. ఒక్క గుంట లేదు. ఒక్క మచ్చ లేదు. రెండో ఇంజన్‌దీ అంతే. బేస్ మేనేజర్ కూడా భూతద్దం తీసుకుని చూశాడు. ఏమీ అనలేదు గానీ, ఒక నిట్టూర్పు విడిచాడు. వెనకాల కుర్రాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నిజం చెప్పాలంటే, గుంట కనిపించాలని కోరుకున్నాను. లోపల తుప్పు ఉండాలని కోరుకున్న మెకానిక్కుని నేనొక్కణ్నే అయ్యుంటాను.

రెండు బేరింగుల్నీ గ్రైండర్ మీద పెట్టి నేనే కోశాను. బాగున్నవాటిని కోస్తుంటే చెయ్యి ఆడలేదు. కానీ కోయకుండా ఎర్ర ట్యాగు కట్టి మూలన పడేస్తే, ఎప్పుడో ఒక అవసరానికి ఎవరో ఒకరు ఆ ట్యాగు విప్పుతారు. బాగున్న పార్టుకే ఆ ప్రమాదం ఎక్కువ. తుప్పు పట్టినదాన్ని ఎవరూ దొంగిలించరు.

ఆ తర్వాత చాలాకాలం ఆ సంక్రాంతి నన్ను గుచ్చుతూనే ఉంది. 2012లో ఉత్తర సముద్రం వార్తలు వచ్చేదాకా. మే 10న స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ నుంచి 14 మందితో వెళ్తున్న ఈసీ225 సూపర్ ప్యూమా హెలికాప్టర్ నీటి మీద దిగాల్సి వచ్చింది. అక్టోబరు 22న అదే మోడల్ మరొకటి, 19 మందితో. రిగ్గులకి వెళ్లే జనమే, మావాళ్లలాంటివాళ్లే. రెండిట్లోనూ ఇంజన్ శక్తిని పై రెక్కలకి అందించే గేర్‌బాక్సులో నిలువు షాఫ్ట్ పగిలింది. ఆయిల్ పంపుల్ని తిప్పేది ఆ షాఫ్టే. ఆయిల్ ఆగిపోతే 30 నిమిషాలు గడవడానికి గ్లైకాల్, నీళ్లు కలిపి చల్లే అత్యవసర ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్నా పనిచెయ్యడం లేదని దీపం తప్పుగా వెలిగింది. పైలట్లు ఇంక ఆలోచించకుండా సముద్రంలో దించారు. అదృష్టం, 33 మందీ బతికారు.

2014లో బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఇచ్చిన నివేదికని రెండుసార్లు చదివాను. ఆ షాఫ్టుల డిజైన్‌లో, వెల్డింగులో మిగిలిన ఒత్తిళ్లు ఉన్నాయి. వాటికి తోడు పగులు మొదలైన చోట చిన్న తుప్పు గుంటలు. ఒక షాఫ్టులో, రంధ్రానికీ దాన్ని మూసిన బిరడాకీ మధ్య సందులో చిక్కుకున్న తడి వల్ల పుట్టిన గుంట. మామూలు కంటికి ఆనేది కాదు. నా కన్ను ఆగిపోయింది గంటల దగ్గర. ఒక షాఫ్టు 3,000 గంటలు దాటింది. రెండోది 200 గంటలైనా తిరగలేదు. మా మేనేజరు తొమ్మిది గంటలు మిగిలాయన్న మాట గుర్తొచ్చింది.

2015లో రాజమండ్రి స్టేషన్‌లో రైలు కోసం కూచుని ఉంటే, ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. "బాగున్నారాండి?" ఆ గొంతు మరచిపోలేదు. రిగ్గు ఉద్యోగం మానేశాడట, రాజోలు దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నాడట. టీ తాగుదామని లేచాం.

"ఆ పార్టు మార్చారు కదండీ అప్పుడు. తీసి చూస్తే పాడైపోయి ఉందాండి?" అని అడిగాడు.

ఉందని చెబితే ఆయనకి కాస్త ఊరటగా ఉండేదేమో. "లేదండీ. బాగానే ఉంది" అన్నాను.

తల ఊపాడు. గ్లాసులోకి చూస్తూ, "మా అమ్మకి అదే ఆఖరి పండగండి. ఆ ఏడు శ్రావణంలో పోయింది" అన్నాడు.

ఉత్తర సముద్రం సంగతి చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. కాసేపటికి ఆయనే, "బాగానే ఉందన్నారు కదండీ, మరి దాన్నేం చేశారండి?" అన్నాడు.

"ముక్కలు చేశానండీ. మళ్లీ ఎవరూ పెట్టకుండా."

"ఆయ్" అన్నాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. నా రైలు వస్తే పెట్టె అందుకుని లోపల పెట్టి, కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడు.