శ్రీరంగంలో కరవది సన్నాయి

మంగళవాద్యమనే మాట మన భాషలో ఎంతో గౌరవమైనది. పెండ్లికైనా, గృహప్రవేశానికైనా, దేవుని ఊరేగింపుకైనా అది మ్రోగితేనే శుభం. కాని దానిని వినడానికని కూర్చునేవారెందరు? వీణకు సభ ఉన్నది, వయొలిన్‌కు సభ ఉన్నది. సన్నాయికి మాత్రం తరచుగా దక్కేది పందిరిగుంజ ప్రక్కన చాపే. ఆ వాద్యానికి పండితులూ పామరులూ ఒకేలా చెవియొగ్గేటట్లు చేసిన తెలుగువారొకరున్నారు. ఆయన షేక్ చినమౌలానా.

వారు 1924 మే 12న ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించారు. నాటికది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి మా నెల్లూరు జిల్లా తాలూకాలు కొన్ని వెళ్ళినప్పుడు, ఒంగోలు ప్రాంతమూ అందులో చేరింది. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబం వారిది. విష్ణ్వాలయంలో ముస్లిం వాయించడమేమిటని దూరపువారు విస్తుపోతారు గాని, రామునికీ చెన్నకేశవునికీ మేలుకొలుపు పాడిన సాయెబుల సన్నాయి మన పల్లెలకు వింత కాదు.

తండ్రి వద్ద తొలిపాఠాలు, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద విద్యాభ్యాసం. అంతటితో బ్రతుకు గడిచిపోయేదే. కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై నాదం వారిని నిలువనీయలేదు. అప్పటికే కచేరీలు చేస్తున్న విద్వాంసుడు తంజావూరు బాణీ కోసం మళ్ళీ శిష్యుడై, నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు పిళ్ళైలను ఆశ్రయించారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదసేవ చేశారు.

ఐర్లండు మొదలైన దేశాలలో పెద్ద చర్చికి ఆర్గన్ వాద్యకారుడొకరుంటారు. ప్రార్థనలో ఏ ఘట్టానికి ఏ సంగీతమో ఆయనకు తెలియాలి. కావలసినది తానే రచించి, కాగితం మీద స్వరపరచి, తరువాతివారికి వదిలి వెళ్ళేవారూ ఉంటారు. మన కోవెలలో నాదస్వర విద్వాంసుని బాధ్యతా అటువంటిదే. స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి వాయించాలి. ఆ తరువాత వీథి పొడుగునా రాగాలాపన సాగుతుంది. భేదమొక్కటే. మన విద్వాంసుని రచన కాగితం మీద నిలువదు. ఆ రాత్రి ఆ వీథిలో పుట్టిన తోడిరాగం ఆ వీథిలోనే కలిసిపోతుంది. విన్నవాని మనసొక్కటే దానికి తాళపత్రం. వినేవాడు లేకపోతే ఆ గ్రంథమే లేదు.

వాద్యమా, మహా కఠినం. వ్రేళ్ళకు దొరికే రంధ్రాలు ఏడే. వాటిమీద పన్నెండు స్వరస్థానాలనూ, వాటి నడుమనుండే గమకాలనూ పలికించాలి. సగం పని వ్రేళ్ళది కాదు, పెదవులదీ ఊపిరిదీ. పీకను పెదవుల మధ్య ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే శ్రుతి తప్పుతుంది. ఇక తెలుగు పండితుడిగా నన్ను ఆకర్షించే విషయం మరొకటి ఉన్నది. సన్నాయికి మాట లేదు. అయినా త్యాగరాజకృతిని సాహిత్యమెరిగి వాయిస్తే పదం విరగవలసిన చోటనే విరుగుతుంది. ఎరుగక వాయిస్తే స్వరం సరిగానే ఉండి, అర్థం మాత్రం తెగిపోతుంది. వినబడని మాటను గూడ గౌరవించే విద్య అది.

నేను పాఠాలు చెప్పిన రోజులలో, మర్రిపాడు చుట్టుపట్ల పెండ్లిళ్ళకు వాయించే ఒక కుటుంబపు పిల్లవాడు నా తరగతిలో ఉండేవాడు. మాఘమాసం వస్తే బడికి రాడు. తండ్రి ప్రక్కన కూర్చుని శ్రుతి పట్టాలి. ఒకనాడు కారణమడిగితే, “అయ్యోరూ, మేం వాయించేటప్పుడు మా వంక చూసేది పంతులుగారొక్కరే. అదీ గట్టిమేళం అనేదానికే” అన్నాడు. చదువు మాని ఆ వృత్తిలోనే ఉండమని గాని, వృత్తి విడిచిపెట్టమని గాని నేను చెప్పలేదు. నా వద్ద జవాబు లేదు. అతడు తరువాత సన్నాయి పట్టలేదు. ఇప్పుడా ఇంటి వాద్యం గూటిలో పాతగుడ్డ చుట్టుకొని ఉన్నది. ఉదయగిరి, ఆత్మకూరు దారిలో పెండ్లి ఊరేగింపులకు పెట్టెలంత స్పీకర్లు వచ్చాయి. మూడుముళ్ళ వేళకు సెల్‌ఫోనులోని గట్టిమేళమే చాలునంటున్నారు.

చినమౌలానా గారికి 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడెమీ వారి సంగీత కళానిధి లభించాయి. 1999 ఏప్రిల్ 13న వారు కీర్తిశేషులైనారు. ఈ బిరుదులకన్న పెద్దది, వారు శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి విద్యను పంచడం. మనుమలు కాశిం, బాబు ఆ బాణీని అందుకున్నారు. శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సన్నాయి పట్టే స్త్రీలే అరుదైన చోట కాలేషాబీ గారి పేరు నాకు మరింత సంతోషాన్నిచ్చింది.

ఇంతకూ నా మనవి ఒకటే. తెలుగునాట పుట్టిన విద్వాంసుడు విద్య ముగించుకోవడానికీ, స్థిరపడడానికీ కావేరీతీరం చేరవలసి వచ్చింది. అక్కడ వీథిలో నిలబడి వినేవారున్నారు. మనకు విద్వాంసులు లోపించలేదు, శ్రోతలు లోపించారు. ఈసారి ఏ పెండ్లిలోనైనా సన్నాయి కనబడితే, అక్షింతలు వేసి భోజనానికి లేచేముందు ఒక్క కీర్తన పూర్తయ్యేదాకా ఆ చాప వైపు తిరిగి కూర్చోండి. మీ ఊళ్ళో ఇంకా వాయించేవారుంటే, వారి బాణీ గురించి నాలుగు ముక్కలు వ్రాయండి. చదవాలని ఉన్నది.