పెడన కాలువలో రంగుల పరీక్ష

గుడివాడ నుంచి బందరు పోయే రైలుదారిలో, బందరుకు కొంచెం ఇవతల పెడన ఉంది. కలంకారీ అద్దకానికి పేరుపడ్డ ఊరు. 17, 18 శతాబ్దాలలో ఈ తీరంనుంచి అద్దకపు దుప్పట్లు ఓడలెక్కి ఐరోపా వెళ్ళేవి. అక్కడి సంపన్నులు వాటిని మంచాలమీద పరుచుకునేవారు. కొన్నిటిని దూదిపెట్టి బొంతలుగా కుట్టించుకునేవారు. అందమొక్కటే కాదు, ఉతికినా ఎరుపు ఎరుపుగానూ, తెలుపు తెలుపుగానూ నిలిచేవి.

మన ఇళ్ళ బొంతలకు తరచు కొరవడేది ఆ గుణమే. అమ్మమ్మ చీరెలు కత్తిరించి ఓపికగా కుట్టిన బొంత, ఒక్క ఎర్రముక్క మూలంగా మొదటి ఉతుకులోనే పాడవుతుంది. కొత్త దుప్పటి కొనుక్కోవచ్చు. ఆ బొంత మళ్ళీ రాదు.

పెడనలో గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరవేసిన నీటితో అచ్చువేస్తే, కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు కావలసినచోట అద్దేది ఎరుపు కాదు, పటిక! పిమ్మట కాలువలో మొలలోతు నీళ్ళలో నిలబడి గుడ్డలను జాడిస్తారు. అంటకుండా మిగిలిన పటికను పారేనీరు కొట్టుకుపోవాలి. నిలవనీటిలోనైతే అది పక్కనున్న తెలుపును పట్టుకుంటుంది. ఆ తరువాత రాగి కాగులో రంగువేసి మరగబెడితే, పటిక ఉన్నచోటనే ఎరుపు పండుతుంది. వెనుక ఇందుకు చిరివేరు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ వాడుతున్నారు.

మనం గ్రహించవలసిందీ ఇదే. పోయే రంగును ముందే పోనివ్వాలి. పోయిన రంగును అక్కడ నిలవనివ్వకూడదు. బొంత కుట్టకముందే ముక్కలను విడివిడిగా, నీరు తేటపడేదాకా జాడించండి. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. దానికి రంగంటితే ఆ ముక్క బొంతకు పనికిరాదు. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం పాతదే కాని, గుడ్డకు సరిగా పట్టని రంగును ఉప్పు పట్టించలేదు. కుట్టిన బొంత రంగు వదిలితే కంగారుపడి ఎండలో వేయకండి. ఆరిన మరక వదలడం కష్టం. పుష్కలమైన సబ్బునీటిలో ముంచి, తేటపడేదాకా నీరు మార్చండి. పిండి మడతపెట్టి ఉంచక, వెంటనే నీడలో పరిచి ఆరవేయండి.

పెడన వెళితే దుప్పటి బేరమాడేముందు ఒకసారి కాలువగట్టుకు వెళ్ళిరండి. దుకాణంలో అన్ని రంగులూ బాగానే ఉంటాయి. నీళ్ళలో దిగాకే వాటి సంగతి తేలేది.