చలికాలపు కాలువ

ఆంగ్లదేశమును జూచి వచ్చినవారు లండను వంతెనలను, ఆక్సుఫర్డు విద్యామందిరములను, రాజభవనములను వర్ణింతురు. ఆ దేశపు కాలువలనుగూర్చి చెప్పువారు అరుదు. చెప్పినవారును వేసవినాటి కాలువనే చెప్పుదురు: పడవకప్పులమీది పూలకుండలు, హంసలు, గట్టున నీడనిచ్చు వృక్షములు. చలికాలమున అచ్చట చూడదగినదేమియు లేదని సామాన్యాభిప్రాయము. నేను చూచినది చలికాలపు కాలువనే. ఆకులు రాలినపిమ్మట గదా చెట్టుకొమ్మల పొందిక తెలియుట! అట్లే విహారజనము తొలగినపిమ్మటనే ఆ కాలువ యెవరి శ్రమమీద నిలిచియున్నదో నాకు తెలియవచ్చినది.

ఈ కాలువలు విహారమునకై పుట్టినవి కావు. 1761లో బ్రిడ్జివాటరు ప్రభువు తన వర్స్లీ గనులలోని బొగ్గును మాంచెస్టరునకు చేర్చుటకై జేమ్సు బ్రిండ్లీ అను ఇంజనీరుచేత త్రవ్వించిన కాలువ తెఱవబడెను. ఆ నగరమున బొగ్గుధర సగమునకు దిగెను. గుఱ్ఱము బండిమీద లాగగల బరువుకంటె నీటిమీద లాగగల బరువు పదిరెట్లకు మించియుండును. ఆ లాభము జూచి ధనికులు కంపెనీలుగా గూడి దేశమెల్ల కాలువలు త్రవ్వించిరి. నడిమి మండలములందలి లాకులు పెక్కు 7 అడుగుల వెడల్పుననే కట్టబడినవి. కావున వానిలో పట్టు పడవ అంతకు లోపుగా సన్నముగను, 70 అడుగులవఱకు పొడవుగను ఉండును. దీనినే నారోబోటు అందురు. దానిని గుఱ్ఱము లాగుచు నడచుటకై కాలువ పొడవునను ఒక గట్టుబాట యున్నది. గుఱ్ఱములు పోయినవి, బాట నిలిచినది.

బర్మింగుహామున ఉద్యోగము చేయుచున్న మేనల్లునియింట నేనొక జనవరి మాసము గడపితిని. అక్కడ ఉదయము 8 గంటలు దాటినగాని వెలుగు రాదు. సాయంకాలము 4 గంటలకే దీపములు పెట్టవలెను. ఇంట కూర్చుండలేక ప్రతిదినమును గట్టుబాట పట్టితిని. నగరమధ్యమున గ్యాస్ స్ట్రీట్ అనుచోట రెండు కాలువలు కలియుచున్నవి. పూర్వము అవి కలియలేదు. వూస్టరు కంపెనీవారి కాలువలోనికి తమ నీరు జాఱిపోవునని బర్మింగుహాము కంపెనీవారు నడుమ 7 అడుగుల మందము గల అడ్డుకట్ట నిలిపిరి. 1795 మొదలు 1815 వఱకు అటు పడవలోని సరకును మనుష్యులు ఇటు పడవలోనికి మోసిరి. ఇరువది యేండ్లపాటు కూలివాని వీపు రెండు కంపెనీల కలహమునకు వంతెన యయ్యెను!

ఆ బాటమీది పాతవంతెనల అంచులను తడవి చూచితిని. మూలకు తొడిగిన ఇనుపబద్దలలో వ్రేలు దూఱునంత లోతుగ గాడులున్నవి. అవి ఉలితో చెక్కినవి కావు; తడిసి ఇసుకపట్టిన త్రాళ్లు ఏండ్లతరబడి ఒరసికొనిపోగా ఏర్పడినవి. మన నూతియొరలమీద చేదత్రాటి గుర్తులు చూచినవారికి ఇది క్రొత్త కాదు. అయినను ఒక దేశచరిత్రమును వ్రేలితో తాకినట్లు నాకు తోచినది.

మేనల్లుని సహోద్యోగి యొకడు ఏడాది పొడుగునను పడవమీదనే కాపురముండును. అతడు మమ్ము రెండుదినములు తన పడవలో రమ్మనెను. "మామయ్యా, చలికి ఓర్వగలరా?" యని మేనల్లుడు సందేహించెను గాని నేను కంబళి కప్పుకొని ముందే యెక్కి కూర్చుంటిని. గంటకు 4 మైళ్లకు మించి పోరాదని నియమము. మేము పోయినది 3 మైళ్లు. నీటిపై సన్నని మంచుపొర గట్టియుండెను. పడవమొగము తగిలినప్పుడెల్ల అది పలకవలె పగిలి, ఆ పగులు చప్పుడుతో గట్టువఱకు పరుగెత్తెడిది. లోపల ఇనుపపొయ్యిలో బొగ్గు మండుచుండెను. వెలుపల చుక్కాని పట్టిన చేతికి స్పర్శ లేకుండెను. ఇండ్ల అద్దెలు భరింపలేక పడవకు వచ్చితినని ఆ యువకుడు నవ్వుచు చెప్పెను. కుళాయి గడ్డకట్టిన దినమున నీళ్లు డబ్బాలతో మోయవలెను. సొంతముగ పడవనిలుపు చోటు లేనివారు ఒక్కచోట 14 దినములకు మించి సామాన్యముగ నుండరాదని 1995 నాటి శాసనము. చూచువారికి అది స్వేచ్ఛాసంచారము. అనుభవించువానికి ఎడతెగని ఇల్లుమార్పిడి.

చాక్లెట్లకు ప్రసిద్ధమైన బోర్న్‌విల్లు దాటి వాస్ట్ హిల్స్ అను సొరంగము ప్రవేశించితిమి. దాని పొడవు 2,726 గజములు. దాటుటకు అరగంట పట్టినది. అందు గట్టుబాట లేదు. పూర్వకాలమున గుఱ్ఱమును కొండమీదుగా నడిపించి, మనుష్యులు వెల్లకిల పండుకొని పాదములతో గోడలను తన్నుచు ఇట్టి సొరంగములలో పడవను నడపెడివారట. ఆ చీకటిలో, నెత్తిమీద నీటిచుక్కలు పడుచుండగా, ఆ మాట కథవలె వినబడలేదు.

టార్డెబిగ్గి చేరినంతనే మా ప్రయాణము నిలిచినది. అచ్చట రెండుంబావు మైళ్లలో 30 లాకులు మెట్లవలె దిగుచు 220 అడుగుల పల్లమును దాటించును. ఆ లాకులలో నొకదానిని మరమ్మతుకై మూసియుండిరి. పడవలు తక్కువగ తిరుగు శీతకాలముననే ఇట్టి పనులు చేయుదురు. మేము దిగి నడచితిమి. నీరు తోడివేసిన ఆ లాకును పైనుండి చూచినపుడు నాకు నోట మాట రాలేదు. నీరున్నప్పుడు కానరాని ఇటుకగోడలు రెండువందల యేండ్ల నాచుతో నిటారుగ నిలిచియున్నవి. అడుగున బురదలో పనివారు దీపములు పెట్టుకొని ఒక్కొక్క పగులును పూడ్చుచున్నారు. ఓకుకఱ్ఱతో ఆ లాకు కొలతకే చేసిన క్రొత్తతలుపు గట్టుమీద పడియున్నది. ఎంత గట్టిగ చేసినను అట్టి తలుపు ఇరువది, ఇరువదియైదేండ్లకు మించి నిలువదట. అనగా ఈ లాకులు కట్టిననాటినుండి ప్రతితరమువారును వానిని మరల తొడుగుచునే యున్నారు. కట్టినవారి పేర్లు పుస్తకములలో నున్నవి. తలుపులు మార్చినవారి పేర్లు ఎక్కడను లేవు.

గట్టుమీద కొందఱు స్వచ్ఛందసేవకులు ముండ్లపొదలు నఱకుచుండిరి. వారికి తేనీరు పోయుచున్న యొక వృద్ధురాలు నేను ఉపాధ్యాయుడనని విని నన్ను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఆమె సరకుపడవలోనే పెరిగినది. బొగ్గు దింపుటకు పడవ ఆగినచోటనెల్ల ఒకటి రెండు దినములు ఆ యూరిబడిలో కూర్చుండెడిదట. అక్షరము కుదురుకొనులోగా పడవ కదలెడిది. "మా అమ్మకు చదువు రాదు. వంతెన రూపునుబట్టి ఊరిపేరు చెప్పెడిది. ఒక్కనాడును తప్పలేదు," అనెను. ఆ మాటలో గర్వమును ఉన్నది, దుఃఖమును ఉన్నది. ఏది యెక్కువయో నేను నిర్ణయింపలేకపోయితిని.

ఆమె చెప్పినదానికి నూఱేండ్ల పూర్వచరిత్ర కలదు. రైళ్లు వచ్చి కాలువకిరాయిలు పడిపోగా, పెక్కుమంది పడవవాండ్రు గట్టుమీది ఇల్లు వదలి, ఆలుబిడ్డలనే జీతములేని కళాసీలుగ చేసికొనిరి. పదియడుగుల పొడవైనను లేని గదిలో కుటుంబమంతయు వండుకొని, పండుకొని, ప్రసవించి, జబ్బుపడెడిది. నేడు విహారయాత్రికులు ముచ్చటపడి కొనుచున్న గులాబులు, కోటలు చిత్రించిన చెంబులు ఆ గదిలోనివే. బాల్యమున ఇటుకబట్టీలో కష్టపడిన జార్జి స్మిత్తు అను నాతడు ఈ బిడ్డలనుగూర్చి 1875లో గ్రంథము ప్రకటించి పార్లమెంటును కదల్చెను. 1877 నాటి శాసనము కాపురపు పడవలు రిజిస్టరు కావలెననియు, అవి రిజిస్టరైన యూరివారే ఆ బిడ్డల చదువునకు బాధ్యులనియు విధించెను. 1884లో దానిని సవరించి తనిఖీని బలపఱచిరి. శాసనము కాగితముమీద నిలిచినది. పడవ నీటిమీద సాగినది. బడి ఒక్కచోట నుండునంతకాలము, తిరుగాడు బిడ్డకు అది అందనిపండే. వలసకూలీల బిడ్డలు సగముసంవత్సరము నా తరగతిలో కనబడి మాయమగుట నెఱిగిన నాకు ఈ సంగతి పరదేశపు సంగతిగా తోచలేదు.

1962-63 నాటి చలికాలమున కాలువలు వారములతరబడి గడ్డకట్టెను. సరకు లారీల పాలయ్యెను. ఆ దెబ్బతో నారోబోటు వ్యాపారము చాలమట్టుకు ముగిసినది. అయినను కాలువలు మిగిలినవి. ఎల్.టి.సి. రోల్టు 1944లో ప్రకటించిన నారో బోట్ అను గ్రంథమును చదివి రాబర్టు ఐక్మన్ అను నాతడు 1945లో టార్డెబిగ్గికే వచ్చి రోల్టును కలిసికొనెను. ఆ మఱుసటియేడు కాలువల రక్షణకై సంఘము పుట్టెను. నేడు ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,000 మైళ్ల జలమార్గములను 2012లో ఏర్పడిన ధర్మసంస్థ చూచుచున్నది. పాతదానిని ప్రేమించినవారే దానిని కాపాడిరి, అది మెచ్చదగినదే. కాని కాలువను ప్రేమించుట వేఱు, కాలువమీద బ్రదికినవారిని తలంచుట వేఱు. మొదటిదానికి వేసవి చాలును. రెండవదానికి చలికాలము కావలెను.

గోదావరి డెల్టాలో పుట్టినవాడను గనుక ఇంకొకమాట చెప్పక తప్పదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తిచేసిన కాటను దొర ఈ దేశమునకు రైళ్లకంటె జలమార్గములు మేలని వాదించినవాడు. మన కాలువలును పొలములకు నీరిచ్చుటయే గాక పడవలను మోసినవి. "లాకు" అను మాట మన పల్లెలకు అట్లే వచ్చినది. కాటను విగ్రహములకు మనము పూలమాలలు వేయుచున్నాము. తగును. కాని ఆ కాలువలలో గుఱ్ఱపుడెక్కను పెఱికి, పూడిక తీసి, తలుపునకు నూనె పూసి, రాత్రివేళ గట్టుకు గండి పడకుండ కాచిన లస్కరు పేరు మనలో నెవరికి తెలియును? చదువరులారా, మహనీయుడు ఒకసారి కట్టును. సామాన్యుడు ప్రతియేడును నిలుపును. మొదటివానికి కృతజ్ఞత చెప్పుట సులభము. రెండవవానికి కృతజ్ఞత చెప్పు మార్గము విగ్రహము కాదు: అతనికి సకాలమున జీతము, అతని బిడ్డకు సంవత్సరమంతయు కదలని బడి.