కందిగాడి కిటికీ

పిల్లికి తలుపు పెట్టించాం అని చెప్తే మా ఆడపడుచు ఫోన్‌లో పడీ పడీ నవ్వింది. "గడప కూడా పెట్టించి పసుపు రాయకపోయావా వదినా" అంది. నవ్వితే నవ్వనీ. రాత్రి మూడింటికి పిల్లి అరిస్తే ఎవరు లేచి తలుపు తీయాలి అన్నది చిన్న ప్రశ్నేం కాదని మా ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది.

మాది లాల్‌దర్వాజ దగ్గర ఒక సందులో పాత ఇల్లు. వెనక పెరడు అని గొప్పగా పిలుచుకునే పదడుగుల జాగా, దానికి అవతల ఇంకో సందు. మా పాప ఇంటర్‌లో ఉండగా ఒక వానాకాలం సాయంత్రం అరచేతిలో పట్టేంత పిల్లికూనని తెచ్చింది. కారం ఎక్కువైన కందిపొడి రంగు. పేరు కూడా అదే పెట్టింది. పలకడానికి పొడుగైపోయి కంది అయ్యాడు, తర్వాత కందిగాడు. పాప ఇంజనీరింగుకని వరంగల్ హాస్టల్‌కి వెళ్లిపోయింది. కందిగాడు అత్తమ్మ పాలిట పడ్డాడు. లేక అత్తమ్మే వాడి పాలిట పడిందో.

మామయ్య పోయాక అత్తమ్మకి నిద్ర పలచబడింది. మేం పైన పడుకుంటాం. ఆమె కింద పెరటి వైపు గదిలో. కందిగాడు రాత్రి పదింటికి షికారుకి పోయి, రెండుకో మూడుకో వచ్చి పెరటి తలుపుని గీకుతాడు. ఆమె లేస్తుంది, లైటు కూడా వేయదు, గడియ తీస్తుంది. పోయిన ఏడు మాఘమాసంలో అలాగే లేచి, గడప దగ్గర తడికి కాలు జారింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. "ఈసారి చెయ్యి. వచ్చేసారి తుంటి అయితే ఏం చేస్తారు?" అన్నాడు డాక్టరు, ఆమెని కాదు, నన్ను చూసి.

పిల్లిని రాత్రంతా లోపలే ఉంచొచ్చు కదా అంటారు. ఉంచి చూశాం. తిరుగుడు అలవాటైన పిల్లి లోపలుంటే తెల్లవార్లూ బయటికి పోతానని అదే తలుపు గీకుతుంది. అప్పుడూ లేచేది అత్తమ్మే. నేను కింద చాప వేసుకుని పడుకుంటానంటే ఒప్పుకోలేదు. "నాకేం రోగమని కావలి?" అంది.

మా ఆయన ఆన్‌లైన్‌లో చూసి చెప్పాడు, పిల్లులకి తలుపులో అమర్చే చిన్న రెక్క ఒకటి ఉంటుందని. తలతో తోస్తే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఇదంతా ఇంగ్లీషువాళ్ల వేషాలు అనుకున్నాను గానీ, దాని కథ వెతికితే బాగుంది. న్యూటన్ తన పెద్ద పిల్లికి పెద్ద కన్నం, పిల్లికూనకి చిన్న కన్నం కొట్టించాడని ఒక కథ చెప్తారు. దానికి గట్టి ఆధారం లేదు, మన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథలాంటిదే. అంతకు మూడొందల ఏళ్ల ముందే, పద్నాలుగో శతాబ్దంలో చాసర్ రాసిన ఒక కథలో తలుపు కింద పిల్లి దూరే కన్నం ఉంది, నౌకరు అందులోంచి లోపలికి తొంగి చూస్తాడు. ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊరి పెద్ద చర్చిలో 1598లో బిషప్పుగారు వడ్రంగులకి ఎనిమిది పెన్నీలిచ్చి గడియారం కింది తలుపుకి పిల్లి కన్నం పెట్టించారట. గడియారం తాళ్లకి రాసిన కొవ్వు కోసం ఎలుకలు ఎక్కేవి మరి. ఆ కన్నం ఇప్పటికీ ఉంది.

మరి మనకెందుకు లేదు అని ఆలోచించాను. అత్తమ్మే తేల్చింది. "మన ఇండ్లు ఎన్నడు మూసినం బిడ్డా?" అంది. నిజమే. పెంకుటిల్లు, నడిమిట్ల ఆకాశం కనపడే వాకిలి, గోడ కింద తూము. పిల్లి ఎటునుంచైనా వచ్చేది, ఉట్టి మీద పాలు ఉన్నాయా లేవా అని చూసుకుని పోయేది. స్లాబు వేసి, గ్రిల్ పెట్టి, దోమల జాలీ కొట్టి, తూముకి ప్లాస్టిక్ పైపు బిగించాకే పిల్లి తలుపు దగ్గర నిలబడి మనల్ని బతిమాలాల్సి వచ్చింది.

ఇక కొనడం. ఇందులో రకాలున్నాయి. మామూలు రెక్క ఒకటి. నాలుగు విధాల లాక్ ఉన్నది ఇంకొకటి: రానూపోనూ, రావడానికి మాత్రమే, పోవడానికి మాత్రమే, పూర్తిగా బంద్. మూడోది పిల్లి మెడపట్టీకి అయస్కాంతం కడితే దానికి మాత్రమే తెరుచుకునేది. నాలుగోది పిల్లి చర్మం కింద డాక్టరు పెట్టే మైక్రోచిప్‌ని గుర్తుపట్టి తెరుచుకునేది. ఆ చివరిదాని ధర చూస్తే ఒక వాషింగ్ మిషన్ వచ్చేలా ఉంది. పైగా మా వాడికి చిప్పూ లేదు. మెడపట్టీ అయితే పిట్టగోడల మీద తిరిగేవాడికి ఎక్కడ తగులుకుంటుందోనని భయం. లాగితే దానంతటదే ఊడిపోయే పట్టీ అయితేనే వేయాలంటారు, ఊడిపోతే మళ్లీ అయస్కాంతం కొనాలి. అందుకని రెండోది తీసుకున్నాం. రెక్క అవతలిది కనిపించేలా ఉండాలని నేను పట్టుబట్టాను. చూడకుండా తల పెట్టే రకం కాదు పిల్లి.

కొనేముందు పిల్లిని కొలవాలి. వినడానికి నవ్వొస్తుంది గానీ అదే ముఖ్యం. తల పట్టిన చోట పిల్లి పడుతుంది అంటారు, ఆపరేషన్ అయ్యి అత్తమ్మ చేతి పెరుగన్నం తినే పిల్లికి ఆ లెక్క పనికిరాదు. ఒక అట్టపెట్టె ముక్కకి చదరంగా కన్నం కోసి, అవతల ఎండుచేప పెట్టి వాడు ఎంతలో దూరతాడో చూశాను. ఆరంగుళాల వెడల్పులో హాయిగా దూరాడు. ఐదున్నరలో పొట్ట రాసుకుంది. రెక్క అడుగు అంచు పిల్లి పొట్ట ఎత్తులో ఉండాలి, అంటే కాళ్లు పెట్టే చోటు నుంచి నాలుగు నుంచి ఆరంగుళాలు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మిస్త్రీ వచ్చి పెరటి తలుపు మీద పెన్సిలుతో గీత గీస్తుంటే అత్తమ్మ వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "ఈ తల్పుని కోసుడు లేదు." టేకు తలుపు, ఆమె మామగారు చేయించింది. సెంటిమెంటు అనుకున్నాం. మా ఆయన విసుక్కున్నాడు కూడా, నీ కోసమే కదమ్మా అని. ఆమె ఏమీ అనలేదు. మిస్త్రీ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

రాత్రి నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. 1990 డిసెంబరులో పాతబస్తీ అంతా కర్ఫ్యూ. ముందు వీధి తలుపు తీయడానికి లేదు. మా ఆయన అప్పుడు బడిపిల్లాడు, చిన్న ఆడపడుచు పాలు తాగే పిల్ల, జ్వరం. వెనక సందులో ఖాలా వాళ్ల ఇల్లు, ఇప్పుడూ ఉంది. ఖాలా అత్తగారు చీకటి పడ్డాక ఈ పెరటి తలుపు మీద రెండుసార్లు గోటితో గీకేవారట. కొట్టకూడదు, చప్పుడవుతుంది. అత్తమ్మ లైటు వేయకుండా గడియ తీసి గిన్నెడు మేకపాలు అందుకునేది. బదులుగా కందిపప్పో, చింతపండో. "బయట ఎవలున్నరో తెల్వది. మీ మామ వద్దంటుండె. గీకిన సప్పుడు ఆమెదే అని నాకు ఎరుకైతుండె."

నేను చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి కూర్చున్నాను. లైటు వేయకుండా గడియ తీయడం అనే అలవాటు ఎక్కడిదో అప్పటిదాకా నాకు తెలియదు.

కాబట్టి తలుపు కోయలేదు. గోడ? డంగు సున్నం గోడ, పద్దెనిమిది అంగుళాల మందం. దానికి సొరంగం వేసినట్టు పైపు అమర్చాలి, మొదలుపెడితే ఎంత రాలుతుందో తెలియదని మిస్త్రీయే భయపడ్డాడు. చివరికి సామాన్ల గది కిటికీ తోచింది. రెండు రెక్కల పాత కిటికీ, కింద అద్దం, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు, బయట చిన్న చప్టా. కింది అద్దం తీసేసి, ఆ కొలతకి పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి, దానికి రంపంతో కన్నం పెట్టి రెక్క బిగించాడు. అంచులకి రంగు పూశాం, వానకి ఉబ్బకుండా. లోపల పాత బియ్యం డబ్బా మెట్టు అయ్యింది. పని గంటన్నర. రేపు వద్దనుకుంటే ప్లైవుడ్ తీసి మళ్లీ అద్దం పెట్టుకోవచ్చు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇదే మంచి మార్గం. ఇంకో లాభం కూడా ఉంది. నేల మట్టానికి పెడితే మా సందు పందికొక్కులు ముందు దానికి గృహప్రవేశం చేసేవి.

నేర్పడం నాకు వదిలేశారు. మొదటి నాలుగు రోజులు రెక్కని పైకెత్తి టేపు అంటించి వట్టి కన్నంలా ఉంచాలి. తర్వాత సగం దించాలి. ఆ తర్వాత పూర్తిగా. తోసి దూర్చొద్దు, ఒకసారి భయపడితే మళ్లీ దాని ముఖం చూడరు. కందిగాడు వారం తీసుకున్నాడు. మొదటిసారి తలతో తోసి బయటపడ్డప్పుడు తోక మీద రెక్క పడి టక్ మంది. వెనక్కి తిరిగి దాన్ని చూసిన చూపు చూడాల్సింది.

చీకటి పడ్డాక "రావడానికి మాత్రమే" పెడతాం. వాడు ఎప్పుడొచ్చినా లోపలికి వస్తాడు, మళ్లీ పోలేడు. ఇందులో ఒక తిరకాసు ఉందని రెండో వారంలో తెలిసింది. సందులోని గండుపిల్లి, చెవి తెగిన బందిపోటు, వాసన పట్టి వచ్చింది. వచ్చిందే గానీ పోవడానికి దారి లేదు! తెల్లారి చూస్తే ఆవకాయ జాడీ పక్కన కూర్చుని నన్నే గుర్రుమంటోంది. కిటికీ బార్లా తెరిచి పది నిమిషాలు నేను బయట నిలబడ్డాను. ఆ రోజునుంచి కందిగాడి గిన్నె సామాన్ల గదిలోంచి వంటింట్లోకి మారింది, ఆ గదిలో తినేది ఏమీ ఉంచట్లేదు. గండుపిల్లి ఇంకోసారి వచ్చినట్టు లేదు. ఇలాంటి రాకపోకలు ఉంటాయి కాబట్టి టీకాలు మాత్రం వాయిదా వేయకండి. మేం నారాయణగూడ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తాం.

సంక్రాంతికి మూడు రోజులు పూర్తిగా బంద్. నైలాన్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, మా డాబాల మీద ఆ సంగతి ఎవరికీ చేరినట్టు లేదు. పావురాలకీ పిల్లులకీ ఒకటే దారం. బోనాల ఊరేగింపు రోజు, దీపావళి రోజు కూడా అంతే.

అన్నీ కుదిరాయి గానీ అత్తమ్మ నిద్ర కుదరలేదు. రాత్రి మంచినీళ్లకని దిగితే మంచం మీద కూర్చుని ఉండేది. ఏమైంది అత్తమ్మా అంటే "ఏం లే, మెలకువొచ్చింది" అనేది. పాపతో ఫోన్‌లో అంటుండగా విన్నాను, "మీ కందిగాడు ఇప్పుడు నన్ను పిలుస్తలేడు బిడ్డా" అని. పడిపోకుండా ఆమెని కాపాడుకున్నాం అని నేను అనుకుంటున్నాను. ఆమెని పిలిచేవాళ్లు ఇంట్లో ఒకరు తగ్గారన్నది నా లెక్కలో లేదు. దానికి ఏ లాకూ లేదు మరి.

మీట తిప్పే పని ఆమెకి అప్పగించాను. రాత్రి తొమ్మిదింటికి సీరియల్ అయ్యాక సామాన్ల గదిలో లైటు వేసి, స్టూలు మీద కూర్చుని, మీట తిప్పుతుంది. ఖాలా కూడా అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటుంది. వాళ్లింట్లో పిల్లుల్ని తరమరు, ప్రవక్త సహచరుడు ఒకాయన పేరే అబూ హురైరా అట, అంటే పిల్లికూన తండ్రి. తనకీ ఒకటి కావాలని మొన్న అట్ట కొలత పట్టుకెళ్లింది.

కందిగాడు మాత్రం ఈమధ్య కొత్త పని మొదలుపెట్టాడు. అత్తమ్మ అక్కడ కూర్చుని ఉంటే రెక్క తోయడు. అవతల చప్టా మీద కూర్చుని, ప్లాస్టిక్‌లోంచి ఆమెని చూస్తూ మ్యావ్ మంటాడు. "చేతులు లేవారా నీకు, తోస్కొని రా" అంటుంది. రాడు. ఆమె వంగి రెక్క ఎత్తి పట్టుకున్నాకే, మహారాజులా లోపలికి దిగుతాడు.